వంపు దాటేదాకా ఆపకు

ఆ కొండదారిలో చెక్‌పోస్టు వంపు అంటే డ్రైవర్లకి హడల్. చెక్‌పోస్టు ఎత్తేసి చాలా కాలమైంది. మిగిలింది తలుపుల్లేని గది ఒకటి, దాని ముందు కాస్త చదును నేల. ఎత్తు మొత్తంలో బండి నిలబెట్టుకోగల చోటు అదొక్కటే. అక్కడే ఎవరూ ఆపరు.

రాత్రిపూట ఆ వంపు దగ్గరికి రాగానే బండి బరువెక్కుతుందట. వెనకాల ఎవరో ఎక్కి కూర్చున్నట్టు... ఆ తరవాత ఏడుపు మొదలవుతుందట. ఆడగొంతు. ఆపినవాడు బాగుపడలేదు, తిరిగి చూసినవాడు అసలు మిగల్లేదు. ఆపకుండా, చూడకుండా దాటేస్తే మాత్రం ఏడుపు దానంతటదే ఆగిపోతుంది. ఇదీ కథ. చెప్పేవాళ్ళలో ఒక్కడూ స్వయంగా విన్నవాడు కాడు. అయినా చీకట్లో ఆ దారిన పోయేవాడికి అది గుర్తుకు రాకుండా ఉంటుందా?

తుమ్మెదకీ గుర్తొచ్చింది.

తుమ్మెద అంటే తేనెటీగలు పెంచే ఆయన. ఎప్పుడూ ముక్కుతో ఏదో ఒక పాట లాగుతుంటాడని ఆ పేరు పెట్టారు. ఒకప్పుడు లారీ నిండా పెట్టెలేసుకుని పూలెక్కడుంటే అక్కడికి తిరిగాడు. తరవాత తెగులొచ్చింది. పెట్టె తరవాత పెట్టె ఖాళీ అయింది. లారీ పోయింది, పాట కూడా పోయింది. చివరికి పన్నెండు పెట్టెలు మిగిలాయి. ఇటువైపు పూలన్నీ ఎండిపోయాయి. కొండకి అటువైపు తోటలు విరగబూశాయి. ఈ పన్నెండూ అక్కడికి చేరితే మళ్ళీ పెరుగుతాయి. చేరకపోతే ఇక అంతే. ఈ వయసులో అతనికి వేరే పని రాదు, వచ్చినా ఎవరూ ఇవ్వరు.

పెట్టెలు రాత్రే తరలించాలి. పగలైతే సగం ఈగలు మేతకి వెళ్ళి ఉంటాయి, తిరిగొచ్చేసరికి ఇల్లుండదు. అందుకే అన్నీ లోపలికి చేరాక ద్వారాలు మూసి, గాలికి పైన జాలీ మాత్రం వదిలి బయల్దేరతారు.

ఇంట్లో ఉన్నది చిన్న కారు. పెట్రోలు ఇంజన్‌కి తోడు బ్యాటరీ మోటారు ఉన్న పాత హైబ్రిడ్, గేర్లు చేత్తో వేసుకునే రకం. మెకానిక్ అయిన బావమరిది దాని వెనక కొక్కెం బిగించి ట్రైలర్ తగిలించాడు. తగిలిస్తూనే నసిగాడు.

"ఇది బరువులు లాగే కారు కాదు బావా. చీమ నెత్తిన బెల్లపు దిమ్మ పెట్టినట్టుంది. ఎత్తు మొదట్లో బ్యాటరీ కూడా తోస్తుంది, హాయిగా ఎక్కుతావు. అది అయిపోయిందా, వెనక ఎవరో కూర్చున్నట్టు బరువెక్కుతుంది. కంగారుపడకు. ఫస్ట్ గేర్లో మెల్లగా లాగించు. ఆపితే చదునులోనే ఆపు. ఎత్తులో ఆపావో, మళ్ళీ కదిలించేలోపు క్లచ్చి కాలిపోతుంది."

"చదునంటే... ఆ గది దగ్గరేగా?"

బావమరిది నవ్వలేదు. "అక్కడే," అన్నాడు.

గుమ్మంలో భార్య గొంతు తగ్గించి చెప్పింది. "ఏమండీ... అక్కడ మాత్రం ఆపకండి. ఏం వినిపించినా సరే."

"నీదంతా పిచ్చి," అన్నాడు. గట్టిగా మాత్రం అనలేకపోయాడు.

కొండ మొదట్లో నాలుగు చినుకులు పడ్డాయి. కారాపి, పెట్టెల మీద టార్పాలిన్ కప్పాడు. పట్టా జాలీల మీద ఆనకుండా మధ్యలో కర్రలు పెట్టి, పక్కలు వదులుగా ఉంచాలి. ఇది అతనికి కొత్త కాదు. కర్రలు పెట్టాడు కూడా. వదులుగా ఉన్న పట్టా గాలికి టపటపా కొట్టుకుంది... ఎవరో వెనకాలే నడిచి వస్తున్నట్టు. ఆ వంపులో ఈ చప్పుడు వింటూ పోవడం తన వల్ల కాదనిపించింది.

కర్రలు తీసేశాడు. నలువైపులా తాడు లాగి బిగించి కట్టాడు. చప్పుడు పోయింది.

వంపు దాటి పైకెక్కాక విప్పుదాంలే, అనుకున్నాడు. ఆ నాలుగు చినుకులతోనే వాన సరి. తరవాత అంతా ఉక్కపోత.

కారు మొదట చక్కగానే ఎక్కింది. స్టీరింగు వెనక బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే చూస్తూనే ఉన్నాడు. చివరి గీత... ఆరింది. ట్రైలర్‌ని ఎవరో పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది. బ్యాటరీయేనని తెలుసు. తెలిసి కూడా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఫస్ట్ గేరు వేశాడు. ఇంజన్ గీపెట్టింది, కారు మనిషి నడకకి దిగింది. లైట్ల వెలుతుర్లో ఆ గది కనిపించింది.

అప్పుడు మొదలైంది.

ముందు సన్నని మూలుగు. తన ఈగలేననుకున్నాడు. వాటి చప్పుడు అతనికి జోలపాట. కానీ ఇది అది కాదు... ఇన్నేళ్ళలో ఎన్నడూ విన్నది కాదు. మూలుగు పెరిగింది, సాగింది — గొంతు చించుకుని ఏడ్చినట్టు పైకి లేచింది. వెనక నుంచే. చాలా దగ్గర నుంచే.

పక్కనే చదును నేల. కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఒక్కసారి ఆపి, దిగి చూస్తే—

ఏం వినిపించినా సరే...

కాలు తీసేశాడు. వెనక చూపించే అద్దాన్ని కూడా పైకి తిప్పేశాడు. భయం చెవిలో దూరాక ఇంకేదీ దూరదు.

"వదిలెయ్ తల్లీ..." గొణిగాడు. "ఇవి తప్ప నాకింకేం లేవు... వీటిని మాత్రం దాటించుకోనీ..."

వంపు తిరిగింది. గది వెనకబడింది. ఏడుపు వెంటే వచ్చింది... కాసేపటికి సన్నగిల్లింది... తెగింది... మళ్ళీ ఒక్కసారి లేచి—

ఆగిపోయింది.

అచ్చం అందరూ చెప్పినట్టే.

తుమ్మెదకి ప్రాణం లేచొచ్చింది. చొక్కా అంతా చెమట. ఎత్తు తగ్గింది, కారు తేలికపడింది, బ్యాటరీ గీతలు మళ్ళీ ఒక్కొక్కటే వెలిగాయి. ఎన్నాళ్ళకో ముక్కులోంచి పాట వచ్చింది. కొండ నెత్తికి చేరేదాకా ఆ పాట ఆగలేదు.

అక్కడ రోడ్డు పక్కన ఆపాడు. అటువైపు తోటల మీంచి పూల వాసన వస్తోంది. పాడుకుంటూనే దిగి, తాళ్ళు విప్పి, పట్టా లాగాడు. వేడి ఆవిరి మొహానికి కొట్టింది. కరిగిన మైనం వాసన. ట్రైలర్ అంచు నుంచి తేనె బొట్లు బొట్లుగా కారుతోంది.

పాట ఆగింది.

పెట్టె మీద చెవి పెట్టాడు. చప్పుడు లేదు. రెండో పెట్టె... మూడోది... పన్నెండోది కూడా. జాలీలోంచి టార్చి వేశాడు. తేనెతో స్నానం చేయించినట్టు తడిసిన ఈగలు, జాలీ కింద కుప్పగా, ఒకదాని మీద ఒకటి... గాలి కోసం పైకి ఎగబాకినవి ఎగబాకినట్టే ఉన్నాయి.

గాలి ఆడక, లోపల వేడెక్కి, వేల ఈగలు ఒక్కసారిగా రెక్కలాడించిన రొద అది. వంపు దగ్గర ఏ దెయ్యమూ ఏడవలేదు. అతను పిల్లల్లా పెంచుకున్న ఈగలే ఏడ్చాయి. ఆ చదునులో ఆపి ఒక్క తాడు వదులు చేసి ఉంటే బతికేవి.

తుమ్మెద రోడ్డు మీదే చతికిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. భార్య.

"దాటేశారా?"

"దాటాను."

ఆవిడ గుసగుసగా అడిగింది. "వినిపించిందా... ఏడుపు?"

"వినిపించింది."

"అమ్మో... ఆపలేదు కదా?"

"ఆపలేదు."

ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం ఫోనులో స్పష్టంగా వినిపించింది.

"మంచి పని చేశారు," అంది. "పోన్లెండి, గండం గడిచింది."