417వ నంబరు తల్లి

లక్సెట్టిపేట దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న చేపపిల్లల కేంద్రంలో కంప్యూటరు పని నాది. ఏ చేప ఏ తల్లికి పుట్టిందో చూసి మంచి జతలు కుదిర్చే సాఫ్ట్‌వేర్‌ను మా యజమాని విద్యాధర్ తెచ్చాడు. పెండ్లి మధ్యవర్తి కూడా దానికంటే తక్కువ అబద్ధాలు చెబుతాడు. తల్లి గడి ఖాళీగా ఉంటే అది ముందుకు కదలదు.

మూడేళ్ల కిందట ఒక తొట్టిలోని పిల్లల తల్లి ఏదో తెలియలేదు.

"ఏదో ఒక నంబరు కొట్టు నర్మదా. చేపలొచ్చి అడుగుతయా?" అన్నాడు విద్యాధర్.

417 అని కొట్టాను. ఆ నంబరు చేపే లేదు. అప్పటినుంచి తల్లి తెలియని పిల్లలన్నీ దాని కిందికే చేరాయి. చివరికి ఆ బుద్ధిలేని యంత్రం, లేని చేపే అన్నిటికంటే మేలైన తల్లి అని తేల్చింది. అంతకంటే బుద్ధిలేని విద్యాధర్ దాన్ని కాగితం మీద అచ్చేసి గోడకు అంటించుకుని మురిశాడు.

ఒకరోజు పొద్దుగూకుతుంటే విద్యాధర్ నా దగ్గరికి వచ్చాడు. బయట ముసురు.

"రేపు కొనేటోళ్లు ఆ తల్లిని చూస్తరట. పెద్ద రవ్వచేపనొకదాన్ని పట్టి, 417 నంబరు చిప్పు దాని ఒంట్ల గుచ్చు."

"లేనిదాన్ని ఎట్ల చూపిద్దాం సార్?"

"నీతులా? పిల్లల హాస్టల్ ఫీజు నీ నీతి కడ్తదా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నా పిల్లలు శ్రేయ, అమిత్ కరీంనగర్ హాస్టల్లో ఉన్నారు. రోజూ ఫోన్ చేసి, తిన్నారా, కిటికీ గొళ్లెం వేశారా, అబద్ధం ఆడలేదు కదా అని అడిగేదాన్ని నేను. ఇంకొక అబద్ధం నా చేత్తో గుచ్చలేను. ల్యాప్‌టాప్‌లో 417ను తీసేయమని నొక్కాను.

'ఈ తల్లిని తీసేస్తే దీని పిల్లలు కూడా పోతాయి. తీసేయాలా?'

తెర మీది నంబర్లే కదా అనుకున్నాను. అవును అని నొక్కాను.

కరెంటు పోయింది. తొట్లలోకి గాలి పంపే మోటార్లు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో తొట్ల వైపు నుంచి... టప్. టప్. టప్.

టార్చ్ పట్టుకుని వెళ్లాను. ముక్కు పగిలే నీచు వాసన. 417 పిల్లలున్న తొట్లలో నీళ్లన్నీ తెల్లటి పొట్టలే. పక్క తొట్లలో పిల్లలు హాయిగా తిరుగుతున్నాయి. ఇక్కడ ఒక్కటీ మిగల్లేదు...

ఒక తొట్టిలో, తేలుతున్న ఆ పిల్లల కింద ఏదో మెల్లగా తిరిగింది. వెడల్పాటి నల్లటి వీపు. ఆ తొట్టిలో నీళ్లు మోకాలి లోతే.

లోపలికి పరుగెత్తాను. ల్యాప్‌టాప్ వెలుగుతోంది. నేను తీసేసిన 417 ఇంకా అక్కడే ఉంది.

పిల్లలు: 0.

చూస్తుండగానే మారింది. 1... 2.

తొట్టి నంబరు ఉండాల్సిన గడిలో 'కరీంనగర్' అని ఉంది.

హాస్టల్‌కు ఫోన్ చేశాను. వార్డెన్ కనకవ్వ ఎత్తింది.

"అక్కా, నేను నర్మదను. పిల్లలు..."

కనకవ్వ గుసగుసగా అంది.

"నువ్వు నర్మదవైతే... ఈడున్నదెవలు? వానల తడిసి ఇప్పుడే వచ్చింది. నీ మొఖమే. పిల్లలిద్దర్ని ఒడిల పెట్టుకొని కూసున్నది."

"అక్కా, పిల్లల్ని ఇవతలికి గుంజు..."

"ఎట్ల గుంజాలె? నా దిక్కే చూస్తున్నది. వచ్చినకాంచి ఒక్కసారన్న రెప్ప కొడ్తలేదు."