పాలవలస ముందోట్లు

ముప్పై ఏడో గడప దగ్గర దమయంతి మొగ్గుపలకను మోచేతి మీదికి మార్చుకుని, తెర మీదున్నది చదివింది.

"బోనెల సీతమ్మ. వయసు యాభై రెండు. మీ ముందోటు దువ్వెన గుర్తుకు. నిశ్చయం నూటికి తొంభై నాలుగు. అవునా?"

"అవును," అంది సీతమ్మ, చేటలో జీడిపిక్కలు ఏరుతూ. తల ఎత్తలేదు.

పలక ఆకుపచ్చగా వెలిగి ఆరింది. మనిషికి పదకొండు సెకన్లు.

ఊళ్లో వాళ్లు ఐదేళ్లుగా మాట్లాడిన మాటలు, కొన్న సరుకులు, నడిచిన దారులు, నవ్విన సందర్భాలు అన్నీ పోగుచేసి మొగ్గుల శాఖ వాళ్ల ఓట్లను ముందే వండి పెడుతుంది. చట్టం ఒక్క పని మాత్రం మనిషికి మిగిల్చింది. ఓటరు నోటితో "అవును" అనాలి, దాన్ని ఒక మనిషి చెవి వినాలి. పాలవలసకు ఆ చెవి దమయంతి. పదకొండేళ్లలో ఆమె మరో మాట వినలేదు.

మొత్తం ఓట్లు రెండు వందల పద్నాలుగు. దువ్వెనకు నూట డెబ్బై ఒకటి, నిచ్చెనకు నలభై మూడు. మూడు ఎన్నికలుగా మొగ్గు మారనందువల్ల శాఖ దీన్ని స్థిరగ్రామాల పట్టీలో చేర్చింది. అప్పటి నుంచి అధికారంలో ఉన్న దువ్వెన వాళ్లకు ఇక్కడికి రావలసిన అవసరం లేకపోయింది. నిచ్చెన వాళ్లకు వచ్చి ప్రయోజనం లేకపోయింది. దాని మీద ఊళ్లో ఎవరికీ కోపం కూడా లేదు. దమయంతికీ ఏమీ అనిపించేది కాదు. మధ్యాహ్నానికి తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించేది, అంతే.

పక్క ఇంటి అరుగు మీద కూర్మయ్య గోగునారతో తాడు పేనుతున్నాడు.

"ముద్దాడ కూర్మయ్య. వయసు డెబ్బై ఒకటి. మీ ముందోటు దువ్వెన గుర్తుకు. నిశ్చయం నూటికి తొంభై ఏడు. అవునా?"

ముసలాయన చేతులు ఆగాయి. "అదెలా తెలిసిందమ్మా?"

ఆధారాలు వినే హక్కు ప్రతి ఓటరుకూ ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి, అవి పలకలో ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది.

"ప్రభుత్వం మీద ఫిర్యాదు, ఇరవై రెండు నెలలుగా లేదు. గెడ్డ మీద వంతెన ప్రస్తావన, ఇరవై రెండు నెలలుగా లేదు. సంతృప్తి, అత్యధికం."

"ఇరవై రెండు నెల్లు." కూర్మయ్య మెల్లగా లెక్క వేసుకున్నాడు. "మా ఇంటిది రావులమ్మ పోయీ అన్నే నెల్లు. గుండెల్లో నొప్పంటే మంచం మీదేసి గెడ్డ ఒడ్డుకి మోసుకెల్లినాం. సాయంత్రం దాకా వాగు పొంగు తియ్యలేదు. అంతకుముందు వంతెన, వంతెన అని రోజూ తిట్టీవోణ్ణి. అది పోయాక ఇంకెందుకని నోరు మూసుకున్నాను. మీ పలక దాన్ని సంతోసం అని రాసుకుందేటి?"

దమయంతి తెర మీది వరుసలు మరోసారి చూసింది. "అయితే నిచ్చెనకా, తాతా?" అంది.

"అదీ నాను సెప్పలేదు. నాకింకా తెల్దు. ఆలోసించుకోవాల. ఇప్పటికి కాదని రాయి తల్లీ."

తెర మీద రెండే మీటలున్నాయి. ఒకటి 'అవును'. రెండోది 'మతిస్థిమితం లేదు'. 'కాదు' ఎక్కడో లోపలి పొరల్లో ఉండాలి. ఆమె వెతుకుతుండగా చెవిలో పర్యవేక్షకుడు వామనరావు గొంతు వినిపించింది.

"దమయంతిగారూ, ఒక్క మనిషి దగ్గర ఆరు నిమిషాలైంది. ఏమిటక్కడ?"

"ఒకాయన కాదంటున్నారు సార్."

"వయసెంత?"

"డెబ్బై ఒకటి."

"మతిస్థిమితం లేదని నొక్కేయండి. ఓటెక్కడికీ పోదు, దువ్వెనకే పడుతుంది."

"ఆయన బాగానే ఉన్నారు సార్."

"ఒక్క 'కాదు' పడితే ఊరి ముందోట్లన్నీ రద్దవుతాయి. అందరినీ మళ్లీ మొదటి నుంచి నోటితో అడగాలి. అలా అడగడం ఇప్పుడు మన శాఖలో ఎవరికి వచ్చు చెప్పండి?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కూర్మయ్య మళ్లీ తాడు పేనుకుంటున్నాడు. బతిమాలడం లేదు, తొందరపెట్టడం లేదు. దమయంతికి ధైర్యమేమీ పుట్టలేదు, జాలి కూడా కలగలేదు. ఆయన ఒక మాట అన్నాడు. తను విన్నది. తన ఉద్యోగం వినడమే.

మూడో పొరలో 'కాదు' దొరికింది. నొక్కింది. 'నిర్ధారణేనా?' అని పలక అడిగితే మళ్లీ నొక్కింది.

పొద్దుటి నుంచి కూడిన 'అవును'లన్నీ ఒక్కొక్కటే తెర మీంచి చెరిగిపోయాయి. చివరికి ఒక్క వాక్యం నిలిచింది. పాలవలస, మొగ్గు తెలియదు. చెవిలో వామనరావు పక్కనున్న ఎవరినో కంగారుగా పిలవడం వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

సీతమ్మ చేట పక్కన పెట్టి దడి దగ్గరికి వచ్చింది. "నా ఓటు పోయిందేటమ్మా?"

"పోలేదు. మీరింకా వెయ్యలేదు. ఎవరికేస్తారో మీరే చెప్పాలి."

సీతమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎవులెవులు నిలబడ్డారు?"

దమయంతికి గుర్తులు తెలుసు. మనుషుల పేర్లు ఆమెకు ఏనాడూ అవసరం పడలేదు. పలకలో పై నుంచి కింది దాకా చూసింది. అక్కడా గుర్తులే ఉన్నాయి.

"నాకు తెలియదమ్మా," అంది. "కనుక్కుని వస్తాను."