జనరల్‌గారి సంతకం

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టి పళ్ళ డాక్టరు నిచ్చెన ఎక్కాడు. హాల్లో నడిమి గోడకు మేకు కొట్టి, అద్దం బిగించిన ఫోటో తగిలించాడు. గుర్రం పక్కన నిలబడ్డ జనరల్. కింద నీలిసిరాతో సంతకం.

ఆయనకు ఏళ్ళ తరబడి అదే పిచ్చి. పాత యుద్ధాల సేనాధిపతుల సంతకాలు, పతకాలు, టోపీలు, తోలు చేతితొడుగులు. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న పేషెంట్లకు ఏ దండు ఏ వాగు దాటిందో వివరించేవాడు. పాపం, వాళ్ళు అవునని గానీ కాదని గానీ అనలేరు.

"ఈయన సంతకం దొరకడం మాటలు కాదు. ఎలా ఉంది?" అన్నాడు భార్యతో.

ఆమె నోరు తెరిచేలోగా అత్తగారు గదిలోంచి వచ్చింది. భర్త పోయాక ఆవిడ కూతురి దగ్గరే ఉంటోంది. చేతిలో రొట్టెముక్కతో ఫోటో వంక చూస్తూ కాసేపు నిలబడింది. ముక్క పళ్ళెంలో పెట్టేసి, వెనక్కి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. సాయంత్రం డాక్టరు క్లినిక్ నుంచి వచ్చేసరికి భార్య నిచ్చెన గోడకు వేసి ఉంచింది.

"దాన్ని తియ్యండి."

"ఎందుకు?"

"అమ్మ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు."

"ఆవిడకి నచ్చకపోతే నేను గోడ ఖాళీ చెయ్యాలా? నాకున్నది ఈ ఒక్క సరదా."

"మా తమ్ముడు ఏ యుద్ధంలో పోయాడో మీకు తెలుసా?"

సరిహద్దులో పోయాడని పెళ్ళప్పుడు ఆయనకు ఎవరో చెప్పారు. అంతకుమించి అడగలేదు.

"ఈ జనరళ్ళ గుర్రాల పేర్లు కూడా నాకు అప్పజెప్పారు. వాడి సంగతి ఒక్కసారి అడిగారా?"

"నువ్వు చెప్పలేదుగా," అన్నాడు గొంతు పెంచి.

"ఎప్పుడు చెప్పను? మీ నోటికి తీరికేదీ?"

తలుపు తెరుచుకుంది.

"దాని మీద అరవకండి బాబూ," అంది అత్తగారు. "ఆ ఫోటోలో ఆయన్ని నేను ఎదురుగా చూశాను."

కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"సైన్యం వెనక్కి వచ్చేస్తూ వంతెన దగ్గర మావాడి దళాన్ని వదిలేసిందట. శవం రాలేదు. ఎక్కడ పూడ్చారో చెప్పమని అర్జీ పట్టుకుని ఆయన ఆఫీసు మెట్ల దగ్గర నిలబడ్డాను. పిల్లలు మూగి సంతకాలు అడుగుతున్నారు. నవ్వుతూ పెడుతున్నాడు. నా కాగితం కూడా అందించాను."

"చదివాడా?" అన్నాడు డాక్టరు.

"నేనూ సంతకానికే వచ్చాననుకున్నాడు. మావాడి పేరు మీదుగా గీకేసి, నా చేతిలో పెట్టి కారెక్కాడు."

కూతురు గోడకు ఆనుకుని ఉండిపోయింది. ఈ మాట ఆమెకూ కొత్తే.

"ఆ కాగితం..." అనేసి డాక్టరు నాలుక కరుచుకున్నాడు.

"ఇంటికొచ్చి పొయ్యిలో పెట్టాను."

ఆయన నిచ్చెన ఎక్కి ఫోటో దించాడు. గదిలోంచి ఆ యుద్ధం నాటి మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"మీవాడిది ఏ దళం అత్తయ్యా?"

ఆవిడ చెప్పింది.

"అయితే ఇదిగో, ఈ వంతెన. చివరిదాకా నిలబడ్డది వాళ్ళే. వాళ్ళు ఆగబట్టే మిగతావాళ్ళు ప్రాణాలతో దాటారు."

ఆవిడ వంతెన కింది ఏటి నీలిగీత మీద వేలు పెట్టింది. చాలాసేపటిదాకా తియ్యలేదు.

"ఇక్కడ ఏరు లోతా బాబూ? మావాడికి ఈత రాదు."

ఆ యుద్ధంలో ఏ దండు ఎటు కదిలిందో ఆయన నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఏటి లోతు గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

"తెలీదత్తయ్యా," అన్నాడు. "కనుక్కుంటాను. మీవాడు ఎలా ఉండేవాడో చెప్పండి."

భార్య ముగ్గురికీ పళ్ళాలు పెట్టింది.

"ఎలా ఉంటాడు," అంది అత్తగారు, పళ్ళెం దగ్గరికి లాక్కుంటూ. "పొద్దున ఎంత లేపినా ఒక పట్టాన లేచేవాడు కాదు. అక్కడ వాణ్ణి ఎవరు లేపేవారో."

అప్పుడు ఏడ్చింది. కూతురూ అల్లుడూ చెరోపక్కన కూర్చున్నారు.