నాలుగు ఖాళీ గళ్లు

"ఈ మిషన్‌లో నువ్వు లేవు, పిన్నీ," అన్నాడు చీఫ్.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన ఆమెను గదిలోకి పిలిచి, మిషన్ ఇవ్వకుండా పంపించడం ఇదే మొదటిసారి. కుర్చీ చూపించాడు. పిన్ని కూర్చోలేదు.

బ్యూరోలో ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. చాలా ఏళ్ల క్రితం ఆమె అక్క కూతురు బడి వదలగానే ఆఫీసుకొచ్చి, మెట్ల దగ్గర్నుంచే "పిన్నీ!" అని కేకేసేది. ఆ పిలుపు అటెండర్ నుంచి చీఫ్ దాకా అందరికీ అంటుకుంది. ఆ పిల్ల ఇప్పుడు డ్యామ్ గేట్లను నడిపే సాఫ్ట్‌వేర్ రాసే ఇంజినీరు. ఈ ఉదయం ఎనిమిది నుంచి దేశద్రోహి కూడా.

"టైమ్ పది గంటల ఐదు నిమిషాలు. పన్నెండు కొట్టగానే పన్నెండు గేట్లూ ఒకేసారి లేస్తాయి," అన్నాడు చీఫ్. "దిగువన ఊళ్లో రెండు లక్షల మంది ఉన్నారు. ఖాళీ చేయిస్తున్నాం, సగం కూడా అవ్వదు. చేసింది తూనీగ ముఠా. కోడ్ మీ అమ్మాయి మాడ్యూల్‌లో, మీ అమ్మాయి సంతకంతో ఉంది."

"కంట్రోలర్‌కి కరెంటు తీసెయ్యండి."

"తీస్తే బ్యాటరీ మీద ఆ క్షణమే తెరుస్తుంది. వాళ్ల కోడ్‌లో ఒక్క బైటు మార్చినా అంతే. కాపలా పెట్టుకునే రాశారు. ఆపడానికి పాస్‌వర్డ్ ఉందట."

"ఉందట అని ఎవరన్నారు?"

కిటికీ పక్కనున్న మనిషి ఇటు తిరిగింది. ఏజెంట్ నెమలి. తూనీగ ముఠాలో మన మనిషి. నీలం స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు, ఆమె వెళ్లిపోయినా పది నిమిషాలు గదిని వదలని సెంటు.

"నేనే అన్నాను పిన్నిగారూ. డ్యామ్ బిల్డింగ్‌లోనే కట్టేసి ఉంచాం, ఆ అమ్మాయి చేత నేనే చెప్పిస్తాను. నాకూ చాలా బాధగా ఉంది."

"బాధగా ఉందని నీ పెదాలకి చెప్పలేదా అమ్మాయ్? నవ్వుతున్నాయి."

"పిన్నీ!" చీఫ్ బల్ల మీద చరిచాడు. "సొంత మనిషి కాబట్టి నీకు కళ్లు కనబడటం లేదు."

"సొంత మనిషని కాదు సార్. దానికి అసెంబ్లీ కోడ్ రాయడం నేర్పింది నేను. అది రాసింది ఏదో, రాయనిది ఏదో చూస్తే చెప్తాను. చూడనివ్వండి."

"బ్యాడ్జి ఇక్కడ పెట్టి ఇంటికెళ్లు. ఇది ఆర్డర్."

పిన్ని కుడిచేత్తో బ్యాడ్జి బల్ల మీద పెట్టింది. ఎడమచేత్తో ఫైల్లోంచి నాలుగు పేజీల ప్రింటవుట్ లాగి కొంగు కింద దాచింది. చీఫ్ చూశాడా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు.

మెట్ల మలుపులో నిలబడి కళ్లజోడు పెట్టుకుంది. రెండో పేజీకే ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

ప్రోగ్రాంలో ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలవడమంటే, వంటకి మనిషిని పిలవడం లాంటిదే. ప్రాసెసర్ లోపల రిజిస్టర్లనే గిన్నెలు గట్టిగా లెక్కపెడితే పదహారు. అందరూ వాటితోనే వండుకోవాలి. అందుకని ముందే ఒక ఒప్పందం ఉంటుంది. ఇచ్చే సరుకు ఏ గిన్నెల్లో పెట్టాలి, వండింది ఏ గిన్నెలో తిరిగి రావాలి, వచ్చిన మనిషి ఏ గిన్నెలు ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చు, ఏవి ఉన్నవి ఉన్నట్టు అప్పగించి వెళ్లాలి. దాన్నే కాలింగ్ కన్వెన్షన్ అంటారు. ప్రాసెసర్‌కి ఆ పట్టింపేమీ లేదు. అది ఇంటి ఆచారం, అంతే. అందుకే ఒకే ప్రాసెసర్ మీద నడిచే రెండు సిస్టమ్‌లకి రెండు ఆచారాలు ఉంటాయి.

ఈ కోడ్ రాసిన చెయ్యి ప్రతి పిలుపుకీ ముందు స్టాక్ అనే మెమరీ అరలో నాలుగు గళ్లు ఖాళీగా వదిలింది. వచ్చిన మనిషి చేతిలో సరుకు దించుకోవడానికి. ఆ రెండిట్లో అవతలి సిస్టమ్‌లో అది తప్పనిసరి మర్యాద. డ్యామ్ కంట్రోలర్‌లో నడిచే సిస్టమ్‌లో ఆ గళ్లతో ఎవరికీ పనిలేదు. సరుకు పెట్టే గిన్నెలు మాత్రం ఇక్కడి ఆచారం ప్రకారం సరిగ్గానే మార్చుకుంది. చేతి అలవాటు మార్చుకోలేకపోయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అనలేదు.

ఈ నాలుగు గళ్లు పిన్ని ఇంతకుముందు ఎక్కడో చూసింది.

ఆమె గదిలో ఒక ఇనప్పెట్టె ఉంది. పాత ప్రింటవుట్లు ఒక్కటీ పారెయ్యదు. కుర్రాళ్లు దాన్ని చిత్తుకాగితాల మ్యూజియం అంటారు. పన్నెండు నిమిషాలు వెతికితే దొరికింది. ఆరేళ్ల నాటి బ్యూరో ప్రవేశ పరీక్ష, ఇరవై రెండు లైన్ల కోడ్, ప్రతి పిలుపుకీ ముందు నాలుగు ఖాళీ గళ్లు. పక్కన పిన్ని చేత్తోనే ఎర్రసిరాతో "అనవసరం" అని ఉంది. పైన అభ్యర్థి పేరు. నెమలి.

తప్పు పట్టుకుంది, మనిషిని పట్టుకోలేదు. ఆరేళ్లు! పిన్నికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. రెండు కాగితాలకీ జిరాక్స్ తీసి, "ఎర్రసిరా చూడండి, కళ్లు నాకే కనబడుతున్నాయి" అని రాసి, చీఫ్ గది తలుపు కింద నుంచి తోసింది.

పదకొండున్నరకి డ్యామ్ కంట్రోల్ బిల్డింగ్ గేటు దగ్గరికి ఒక లిఫ్ట్ మెకానిక్ వచ్చింది. గేటు పక్క షెడ్డులో కొక్కేనికి దొరికిన నీలం యూనిఫాం, టోపీ, చేతిలో పనిముట్ల పెట్టె. పెట్టెలో ఒక కళ్లజోడు డబ్బా. డబ్బా లోపల అంకెల మీటలు, మూత మీద ఒక బటన్, పక్కన సన్నటి వైరు. నడుస్తున్న ప్రాసెసర్ మెమరీలోకి తొంగిచూసి, బటన్ నొక్కితే అందులో రాసే ప్రోబ్ అది.

గేటు కాపలావాడు పాత బ్యూరో మనిషి. ఎగాదిగా చూశాడు.

"లిఫ్ట్ ఎక్కడ ఆగిందంటా?"

"ఆగాల్సిన చోట తప్ప అన్నిచోట్లా."

కోడ్‌వర్డ్ సరిపోయింది. "బ్యాడ్జి లేకుండా వచ్చినట్టున్నారు పిన్నిగారూ," అన్నాడతను గొంతు తగ్గించి.

"బ్యాడ్జి లిఫ్ట్ బాగుచేస్తుందా?"

రికార్డు గదిలో ఇనప బీరువా హ్యాండిల్‌కి సంకెళ్లతో కట్టేసి ఉంది అక్క కూతురు. కాపలా కానిస్టేబుల్‌ని "లిఫ్ట్‌లో మీ ఇన్‌స్పెక్టర్ ఇరుక్కున్నాడు" అని పిన్ని కిందికి పరుగెత్తించింది.

"పిన్నీ, నేను రాయలేదు."

"తెలుసే. ఏడవకు."

"ఏడవట్లేదు. నాకు కోపమొస్తే నీళ్లొస్తాయి, నీకు తెలుసుగా. ఒప్పుకుంటే ప్రాణం కాపాడతానంది ఆ నెమలి మహాతల్లి. నీ కాపాడటం నాకొద్దు, చేతనైంది చేసుకోమన్నాను."

"నా పెంపకం. రాసింది ఆ మహాతల్లే. మూడో పేజీ చూడు. త్వరగా."

అమ్మాయి గబగబా చదివింది. "ముందు ఆర్‌ఎస్‌ఐ రిజిస్టర్‌లో పన్నెండు పెట్టుకుంది. గేట్ల లెక్క. తర్వాత డ్యామ్ నిండుగా ఉందో లేదో చూడటానికి నా నీటిమట్టం రొటీన్‌ని పిలిచింది. తిరిగొచ్చాక ఆర్‌ఎస్‌ఐ సున్నా అయ్యేదాకా ఒక్కో గేటుకీ ఆజ్ఞ..." వేలు ఒక లైను మీద ఆగింది. "పిన్నీ! ఆర్‌ఎస్‌ఐని ఎక్కడా దాచుకోకుండానే పిలిచింది!"

"వాళ్లింట్లో ఆ గిన్నెని వచ్చిన మనిషి ఉన్నది ఉన్నట్టు అప్పగించాలి. అందుకే ధీమా."

"మనింట్లో దాన్ని వచ్చిన మనిషి ఏమైనా చేసుకోవచ్చు! నా రొటీన్ దాన్ని ముట్టుకోదు కాబట్టి టెస్టులో ఆవిడకి బాగానే నడిచుంటుంది."

"ఇప్పుడు ముట్టుకుంటే?"

ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

"వాళ్ల కోడ్‌ని కదా ముట్టుకోకూడదు," అంది పిన్ని. "మన కోడ్‌ని మనం ముట్టుకోవడానికి ఎవరి పర్మిషన్ కావాలే?"

"రొటీన్ చివర రిటర్న్ ఒక బైటు. ఆ తర్వాత ఖాళీ బైట్లున్నాయి. ఆర్‌ఎస్‌ఐని సున్నా చెయ్యడానికి రెండు, మళ్లీ రిటర్న్ ఒకటి. మూడు బైట్లు చాలు. కానీ పిన్నీ, ఆ రొటీన్ సెకనుకోసారి నడుస్తుంది. నడిచేటప్పుడు రాస్తే కంట్రోలరే కుప్పకూలుతుంది. అదీ కరెంటు తీసేసినట్టే లెక్క. అది నడిచినప్పుడల్లా ప్యానెల్ వెనక ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, ఆ దీపం ఆరి ఉన్నప్పుడే రాయాలి."

"మిగతా ప్రోగ్రాం పాడవదుగా?"

"నా కోడ్‌లో ఎవరూ ఆర్‌ఎస్‌ఐని నమ్ముకుని ఎవర్నీ పిలవరు. నువ్వేగా నేర్పావు."

కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్లెవరూ లేరు. సెక్యూరిటీ పేరు చెప్పి నెమలి అందర్నీ బయటికి పంపేసింది. కిటికీ దగ్గర నిలబడి దిగువ ఊరి వైపు చూస్తోంది. టైమ్ పదకొండు యాభై మూడు.

మెకానిక్ తలొంచుకుని ప్యానెల్ వెనక్కి వెళ్లింది.

"లిఫ్ట్ అక్కడ లేదు," అంది నెమలి.

"దాని కరెంటు ఇక్కణ్ణించే వస్తుందమ్మా. రెండు నిమిషాలు."

పిన్ని వైరు తగిలించింది. డబ్బాలో మూడు బైట్లు పేర్చసాగింది. ఒక అంకె తప్పు పడింది, మళ్లీ మొదటినుంచి పేర్చాల్సి వచ్చింది. ఈసారి అన్నీ సరిగ్గా పడ్డాయి. డబ్బా నేల మీద కాలి దగ్గర పెడుతుండగా సెంటు వాసన ముక్కుకి తగిలింది.

"ఆ కళ్లజోడు తీసి రావాల్సింది పిన్నిగారూ. చేతులు పైకి."

చిన్న పిస్తోలు. ముచ్చటగా ఉంది, మనిషిలాగే. గోడ గడియారం పదకొండు యాభై తొమ్మిది.

"మా కోడ్ ముట్టుకుంటే గేట్లు ఇప్పుడే లేస్తాయి. ఆ మాత్రం తెలుసనుకున్నాను," అంది నెమలి.

"నీ కోడ్ జోలికి నేనెందుకొస్తాను? ఎర్రసిరాతో దిద్దినా నువ్వు మారలేదు. మా అమ్మాయి కోడ్ చూసుకుంటున్నాను."

"ఆ పిల్ల పేరు రేపటి పేపర్లో వస్తుంది. ఊరిని ముంచిన మనిషని. మీకు భయం వెయ్యట్లేదా?"

"వేస్తోంది. అయితే ఏంటి? భయం నాది, ఊరు నాది, పిల్ల నాది. నీకు వీటిలో ఒక్కటి కూడా ఇవ్వను."

చేతులు పైకే ఉన్నాయి. చూపు ప్యానెల్ లోపలి ఆకుపచ్చ దీపం మీద ఉంది. వెలిగింది, ఆరింది. వెలిగింది, ఆరింది. సెకన్ల ముల్లు యాభై ఏడు మీద ఉంది. పిన్ని మడమ ఎత్తింది. యాభై ఎనిమిది. దీపం వెలిగి ఆరగానే మడమతో బటన్ నొక్కింది.

పన్నెండు కొట్టింది.

మోటార్లు ఒక్కసారి మూలిగితే చాలు, ఊరు లేదు. పిన్ని చెవులొగ్గింది. ఏదీ మూలగలేదు. ప్యానెల్ మీద ఒకే ఒక్క లైను వచ్చింది: గేట్ల ఆపరేషన్ పూర్తి. తెరిచినవి సున్నా.

"ఏం చేశావే ముసలిదానా?"

"'పిన్నిగారూ' అన్న పిలుపు ఏమైంది? ఇంత త్వరగా మర్యాద పోయిందే!"

నెమలి పిస్తోలు ఎత్తింది. తలుపు ధడాలున తెరుచుకుంది. చీఫ్, వెనక నలుగురు. ఆయన చేతిలో ఎర్రసిరా కాగితం. వాళ్లందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది అక్క కూతురు. సంకెళ్లకి ఊడిపోయిన బీరువా హ్యాండిల్ ఇంకా వేలాడుతోంది. ఆ హ్యాండిల్‌తోనే పిస్తోలు మీద ఒక్కటిచ్చింది. పిస్తోలు గోడకి తగిలి కింద పడింది.

నెమలిని తీసుకెళ్లాక చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "పిన్నీ, బ్యాడ్జి..."

"ముందు దాని సంకెళ్లు తీయించండి. తర్వాత క్షమాపణ. నాకు కాదు, దానికి. ఈ బిల్డింగ్‌లో అందరూ వినేట్టు."

చీఫ్ మైకు తెప్పించి చెప్పాడు. ఒక్క మాట కూడా మింగకుండా మొత్తం చెప్పాడు. అక్క కూతురు వింటున్నంతసేపూ తల ఎత్తే ఉంచింది. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. ఈసారి కోపమని ఎవరితోనూ అనలేదు.

ముఠా కోడ్‌ని పూర్తిగా పెరికి పారేసేసరికి సాయంత్రమైంది. చివర్లో అమ్మాయి కీబోర్డు మీద వేళ్లు ఆపింది.

"పిన్నీ, నా రొటీన్‌లో ఆర్‌ఎస్‌ఐని సున్నా చేసే లైను. ఇంక దాంతో పనిలేదు. తీసెయ్యనా?"

"ఉంచు. పక్కన కామెంట్ రాయి."

"ఏమని?"

పిన్ని అరువు తెచ్చిన యూనిఫాం మడతపెట్టి, ఎక్కడ తీసిందో ఆ కొక్కేనికే తగిలించి వచ్చింది.

"ఈ గిన్నె మా ఇంటిదని."