స్తోత్రం బాబాయి

ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. టేబుల్ చుట్టూ ముగ్గురూ కళ్లు మూసుకున్నారు గానీ, ప్రార్థన చేయాల్సిన కృపానందం గారు పెదవి కదపలేదు. కాసేపు చూసి హన్నమ్మే రెండు ముక్కల్లో ముగించి, చట్నీ గిన్నె ముందుకు తోసింది. నెల రోజులుగా ఆ ఇంట్లో ఇదే వరస.

కూతురు నిస్సీ అదేమీ పట్టించుకోలేదు. కళ్లు మూసుకున్నా ఆమె బొటనవేలు ఫోను మీదే ఉంది.

"అమ్మా, రంగుల కంపెనీ వాళ్లు ఒప్పుకున్నారు! ఏడాది పాటు వాళ్ల ప్రకటనల్లో స్తోత్రం బాబాయే. ఆఫీసులో జీతాలకి ఇక బెంగ లేదు."

హన్నమ్మ చూసిన చూపుకి ఇంకొకరైతే ఇడ్లీ మింగలేకపోయేవారు. నిస్సీ ఇంకోటి వడ్డించుకుంది.

నిస్సీ సామాన్యురాలు కాదు. కాలేజీ రోజుల్లో హైదరాబాదులో పంక్ బ్యాండు పెట్టింది. గిటారు బాదుతూ, గొంతు చించుకుని, లోకం మీద కోపమంతా కక్కేది. హన్నమ్మ దాన్ని పాటని ఏనాడూ ఒప్పుకోలేదు. బ్యాండు చెదిరిపోయాక అదే కోపాన్ని వ్యంగ్యం చేసి పత్రికల్లో రాసింది. ఆ తర్వాత బందరు తిరిగొచ్చి, మేడ మీద గదిలో 'ఉప్పుగాలి' అని సొంత వీడియో చానల్ పెట్టి నలుగురికి ఉద్యోగాలిచ్చింది.

చానల్‌ని నిలబెట్టింది మాత్రం స్తోత్రం బాబాయి. తలకి తువ్వాలు చుట్టుకుని నిస్సీయే వేసే వేషం అది. నాయకుడు ఏ అబద్ధం చెప్పినా పక్కన చేతులు కట్టుకుని "స్... స్తోత్రం, స్తోత్రం" అని తలూపే భజనపరుడు. బందరు నుంచి గుడివాడ దాకా జనం పడీ పడీ నవ్వారు.

ఆ తువ్వాలు, ఆ తలూపుడు, ఆ మాట ఎవరివో ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న సరదాగా తీసుకుంటాడులే అనుకుంది నిస్సీ. అడగలేదు.

గేటు చప్పుడైంది. గిలకలదిండి రేవులో బోట్లున్న మీరా సాహెబ్ వచ్చాడు. ఆ రేవులో చేపల వేలం వేసేది కృపానందం గారే. కుర్చీ చూపించినా మీరా సాహెబ్ కూర్చోలేదు.

"బావా, చెప్పడానికి నోరు రావట్లేదు. రేపట్నుంచి వేలం ఏసుపాదం వేస్తాడు. బోట్ల వాళ్లందరూ కలిసి అనుకున్నారు."

"మా నాన్న ఏం తప్పు చేశాడు మావయ్యా?" అంది నిస్సీ.

"తప్పేం లేదమ్మా. ఆయన రేటు చెప్పబోతే చాలు, 'స్తోత్రం బాబాయ్' అని అరిచి నవ్వుతున్నారు. ఆయనకి మాట ఆగిపోతోంది. నిన్న వంజరం చేపల గంపలు వేలంపాట మధ్యలో ఆగి ఎండకి మెత్తబడ్డాయి. ఎన్నాళ్లని ఓర్చుకుంటాం చెప్పు?"

కృపానందం గారు ప్లేటులోనే చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్లిపోయారు. మీరా సాహెబ్ తలొంచుకుని గేటు దాటాడు.

నిస్సీకి రోషం వచ్చింది. "వాళ్లకి బుద్ధి లేకపోతే నాదా తప్పు? నేను వెక్కిరించింది తొత్తుల్ని. నాన్నని కాదు."

"నోర్ముయ్యి! మీ నాన్నకి చిన్నప్పట్నుంచీ నత్తి. తెలుసా నీకు?"

"నాన్నకా?"

"తెలియనిస్తే గదా! బళ్లో నత్తోడా అని ఏడిపిస్తుంటే సండేస్కూలు టీచరమ్మ నేర్పింది. మాట అడ్డం పడితే స్తోత్రం అనరా, దాని వెనకే అసలు మాట వచ్చేస్తుందని. దాన్ని పట్టుకునే పెళ్లిచూపుల్లో నాతో మాట్లాడాడు, చర్చిలో సాక్ష్యం చెప్పాడు, అంతమంది మధ్య వేలం వేశాడు. లోకం అది భక్తి అనుకుంది. కుంటివాడి చేతికర్ర లాక్కుని ఊరేగించావే నువ్వు!"

హన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"నీ బ్యాండు గొడవప్పుడు సంఘపెద్దలు ఇంటికొచ్చి, ఆడపిల్లకి ఆ అరుపులేంటన్నారు. 'అరవనీయండి, నా బిడ్డకి మాట అడ్డం పడదు' అన్నాడాయన. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎంత అవస్థ పడ్డాడో నేను చూశాను."

నిస్సీ కుర్చీ తోసుకుని లేచింది. పెరట్లోకి పరుగెత్తింది. ఆయన నూతిగట్టు మీద కూర్చున్నారు.

"నాన్నా, ఆ బాబాయి ఇవాళ్టితో ఆఖరు. కంపెనీ వాళ్లకి వద్దని చెప్పేస్తాను. రేవుకొచ్చి అందరి ముందూ క్షమాపణ అడుగుతాను. చానల్లో కూడా..."

ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. పెదవులు చాలాసేపు పెనుగులాడాయి.

"అ... అది కూడా వీ... వీడియోనేనా అమ్మా?"

కోపంగా అనలేదు.

నిస్సీ మేడెక్కి బాబాయి వీడియోలన్నీ తీసేసింది. జీతాల సంగతి చెప్పలేనని పనిచేసే నలుగురితోనూ అంది. ఇద్దరు అప్పుడే బ్యాగులు సర్దుకున్నారు. జనం ఫోన్లలో ఉన్నవి మాత్రం ఎవరు తుడుస్తారు?

మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్లీ ముగ్గురూ కళ్లు మూసుకున్నారు.

"ఇవాళ నేను చేస్తాను," అంది నిస్సీ. "ప్రభువా, మా నాన్నకి..."

ఆ పైన మాట రాలేదు. వేలమంది ముందు అరిచిన గొంతు అది. "మా నాన్నకి..." అని మళ్లీ అంది. కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి.

ఉప్పుకీ ఐసుకీ మొద్దుబారిన చెయ్యి ఒకటి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"స్తోత్రం అను తల్లీ," అన్నారు కృపానందం గారు. "దాని వెనకే వ... వచ్చేస్తుంది."