మొగులమ్మను ఎవరూ అడగలేదు

1957 ఎండాకాలం. వికారాబాద్‌లో ప్రైవేటు డిటెక్టివ్ జంగప్ప గదికి ఒక వకీలు చంద్రవ్వను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె భర్త బీరయ్య గొర్రెల కాపరి. తాండూరు రాతిగని మేస్త్రీ ఎల్లప్పను పని ముగిశాక గనిలో కొట్టి చంపాడని సెషన్స్ కోర్టు అతనికి ఉరిశిక్ష వేసింది. అంతకుముందు బీరయ్య గొర్రె గనిలో పడి చచ్చినందుకు ఇద్దరూ నలుగురి ముందూ తగవుపడ్డారు. పాలిషు షెడ్డు నడిపే బిచ్చయ్య, హత్య కళ్లారా చూశానని సాక్ష్యం చెప్పాడు.

"ఉరి ఖరారు చేయాల్సింది హైకోర్టు. కొత్త సాక్ష్యం చూపితే తీసుకోవచ్చు. విచారణకు పన్నెండు రోజులే ఉంది," అన్నాడు వకీలు. నిద్రలేక అతని కళ్లు ఎర్రబడ్డాయి. "కింది కోర్టులో బీరయ్య తరఫున సర్కారు పెట్టిన వకీలు బిచ్చయ్యను మూడంటే మూడు ప్రశ్నలడిగి కూర్చున్నాడు."

"జర మా ఇంటాయన పానం నిలబెట్టుండ్రి సారూ," అంది చంద్రవ్వ.

జంగప్ప ధైర్యం చెప్పలేదు. ఇలాంటి కేసులు రెండు ఓడిపోయిన మనిషి. కాగితాలు మూడుసార్లు చదివి, పోస్టుమార్టం నివేదికలో ఒక ముక్క సహాయకురాలు గోవిందమ్మకు చూపించాడు: 'చెవుల్లో, జుట్టులో ఎండిన తెల్ల బురద.'

మర్నాడు తాండూరులో గనిలోకి దిగారు. ఎండాకాలం, చుక్క నీరు లేదు. హత్య జరిగిందీ నిరుడు ఇదే నెలలో. బిచ్చయ్య షెడ్డులో మాత్రం నీళ్లు పోసి రాళ్లు నునుపు చేస్తున్నారు. నేలంతా తెల్ల బురద. నీళ్లు మోసే మొగులమ్మను జంగప్ప పలకరించాడు.

"ఎల్లప్ప చచ్చిన దినం ఈడ పని నడిచిందా?"

"మధ్యాహ్నమే అందర్ని ఇండ్లకు తోలిండు. రోజూ నేల నేనే కడుగుత. గా దినం బిచ్చయ్యే కడుక్కున్నడు."

"కోర్టుల ఎందుకు చెప్పలే?"

"నన్నెవరడిగిండ్రు సారూ?"

రెండు రోజులకు షెడ్డులో సబ్ ఇన్‌స్పెక్టర్‌ను, వకీలును, చంద్రవ్వను, కూలీలను జంగప్ప కూర్చోబెట్టాడు.

"బిచ్చయ్యా, ఎల్లప్ప ఏడ పడ్డడు?"

"గనిల్నే. పడ్డోడు మళ్ల లేవలే."

"ఎండిన గనిల పడ్డోని చెవులల్లకు తడి బురద ఎట్ల పోయింది? గసొంటి బురద ఈ షెడ్డుల్నే ఉంటది. ఈడ చంపినవు. నేల కడిగినవు. చీకటి పడ్డంక బండిల ఏసుకపోయి గనిల పడేసినవు. బీరయ్యతోని తగవు అందరికి ఎరుకే, నేరం వాని మీద పెట్టినవు."

మొగులమ్మ తలవంచకుండా బిచ్చయ్య వైపే చూస్తోంది. అతను తలగుడ్డ తీసి నేల మీద పెట్టాడు.

"నా షెడ్డుల రాయి మీద పడి ఒక కూలోడు చచ్చిండు. గా సంగతి పోలీసులకు చెప్తనన్నడు ఎల్లప్ప. వద్దని కాళ్లు మొక్కిన. ఇనలే."

బయటికి వచ్చాక గోవిందమ్మ, "మీరు కాకుంటే ఎవరికీ తట్టేది కాదు సార్," అంది.

"తట్టుడేముందమ్మా, అడిగినం. గంతే," అన్నాడు జంగప్ప అలసటగా.

మొగులమ్మ వాంగ్మూలాన్ని హైకోర్టు కొత్త సాక్ష్యంగా తీసుకుంది. ఉరి రద్దయింది, బీరయ్య నిర్దోషిగా విడుదలయ్యాడు. బీరయ్యను ఇంటిదాకా వకీలే దింపాడు. తలుపు బార్లా తీసే ఉంది. బీరయ్య గడప ముందు చేతులు కట్టుకొని నిలబడిపోయాడు. ఎవరో ఒకరు పొమ్మంటే తప్ప కదలకూడదని జైలు నేర్పింది.

చంద్రవ్వకు కాసేపటికి గానీ అర్థం కాలేదు.

"లోపటికి రా," అంది.

అప్పుడు లోపలికి వెళ్లాడు.