బూట్లు తుడుచుకుని లోపలికి రండి

రహస్య కాగితాలు చేరవేసే కొరియర్ చచ్చిపోయే ముందు కొంగల్ని చూస్తున్నాడు. నేచర్ సెంటర్ చెరువు ఒడ్డున, పక్షులకు కనపడకుండా కూర్చునే చెక్క గదిలో శవం దొరికింది. ఒంటి మీద దెబ్బ లేదు. కుడి చూపుడువేలి కొనన సూదిపోటు మాత్రం ఉంది. మెడలో ఉండాల్సిన బైనాక్యులర్ లేదు.

"విషం," అన్నాడు చీఫ్, ఫోటో బల్ల మీద పడేసి. "విదేశీ ముఠా పనే. వాళ్ళ రేడియో కోడ్‌ని మన ఇంజనీరమ్మ ఛేదించింది. ఇవాళ మధ్యాహ్నం అదే గదిలో నిన్ను కలుస్తుంది. నిన్ను తప్ప ఎవర్నీ నమ్మనంటోంది."

"మాటిస్తున్నా బాబాయ్. ఆవిడ మీద ఈగ వాలనివ్వను," అన్నాడు ఎదురుగా కూర్చున్న ఏజెంటు.

చీఫ్ అతనికి సొంత బాబాయి. తండ్రి పోయాక పెంచి పెద్దచేసి, ఏజెంటుగా తీర్చిదిద్దినవాడు. అందుకే నలభై దాటినా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ అతను చిన్నోడే. తుపాకీ పట్టడమే కాదు, అంతకు ముందెప్పుడో సైకిల్ తొక్కడం నేర్పిందీ ఆ చేతులే.

"నీ బైనాక్యులర్ ఇలా ఇవ్వు. టెక్నికల్ వాళ్ళు కెమెరా బిగిస్తారు, బ్యాకప్‌గా వస్తూ నేనే తెస్తా. ఆ చోటు మొహం నేనెప్పుడూ చూళ్ళేదు, గేటు దగ్గర నా కోసం ఆగు. ఇంకో మాట. అక్కడ మన డబుల్ ఏజెంట్ సిల్క్ కలుస్తుంది. దాని మాట నమ్మకు, రెండు వైపులా ఆడుతోంది." లేస్తూ భుజం తట్టాడు. "రాత్రి భోజనానికి వచ్చెయ్. పిన్ని మరీ మరీ చెప్పింది."

నేచర్ సెంటర్ ఎగ్జిబిట్ హాల్లో పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఒకడు పాము కుబుసాన్ని తడుముతున్నాడు, ఇంకొకడు గాజు వెనక తేనెపట్టుకు ముక్కు ఆనించాడు. చిన్నోడు అతికించుకున్న గడ్డం సర్దుకుని, గుడ్లగూబ బొమ్మ ముందు నిలబడ్డాడు. నల్ల కళ్ళద్దాలు, మెడలో పొడుగాటి లెన్సు కెమెరాతో ఒకామె వచ్చి పక్కన ఆగింది. ఆమెను చూడకుండా ఉండటం గుడ్లగూబకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

"ఇది పగలు కూడా నిద్రపోదా?" అడిగాడు.

"జీతం ఇస్తే మేలుకుంటుంది."

కోడ్ సరిపోయింది. సిల్క్ చెయ్యి చాచి కప్పల అరుపు వినిపించే బటన్ నొక్కింది. ఆ బెకబెకల మాటున గొంతు తగ్గించి చెప్పింది. "ఇంజనీరమ్మని చంపబోయేది మీ మనిషే. ఎవరో తెలీదు. ముఠావాళ్ళని మాత్రం ఎప్పుడూ ఇక్కడే, ఆ చెక్క గదిలోనే కలుస్తాడట."

"నీ మాట నమ్మొద్దన్నారు."

"ఎవరన్నారు?"

చిన్నోడు గుడ్లగూబ వైపు తిరిగాడు. సిల్క్ ఒక సీతాకోకచిలుక బ్యాడ్జి తీసి అతని కోటుకు గుచ్చింది. "నమ్మకం కుదిరితే రెక్క నొక్కు. సెక్యూరిటీతో వస్తా."

చెరువుకు వెళ్ళే కాలిబాట మొదట్లో గేటు. అక్కడికి చేరగానే ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న గైడమ్మ అడ్డం పడింది.

"బూట్లు తుడుచుకుని వెళ్ళండి. పరాయి కలుపు గింజలు అరికాళ్ళకి అంటుకునే వస్తాయి. ఇప్పటికే చెరువు సగం మింగేశాయి."

"బ్రష్ ఎక్కడుంది?"

"స్తంభం వెనక, ఆ పొదలో. ఎవడు పెట్టాడో గానీ కొత్తవాళ్ళకి చచ్చినా కనపడదు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది." గొణుక్కుంటూ ఆమె వేరే జనం వెంట వెళ్ళిపోయింది.

కాసేపటికి మెడలో చిన్నోడి బైనాక్యులర్‌తో బాబాయి వచ్చాడు. "సిల్క్ ఏమంది?"

"ఏముంది బాబాయ్, మామూలే."

"అనుకున్నా. దాన్ని రేపటి నుంచి..." మాట్లాడుతూనే బాబాయి స్తంభం వెనక్కి తిరిగాడు. పొదలోకి ఎడమకాలు పెట్టి రుద్దాడు, తర్వాత కుడికాలు. కిందికి చూడలేదు. మాట ఆగలేదు. "...వేరే సెక్షన్‌కి మార్చేస్తా. పద."

ఈ చోటు మొహమే చూళ్ళేదన్నాడు కదా, అనుకున్నాడు చిన్నోడు. ఎవరైనా చెప్పి ఉంటారేమో అనుకున్నాడు. ఎక్కడో చదివి ఉంటాడేమో అనుకున్నాడు. ఏదీ అతకలేదు. మొహాన్ని దాచుకోవడం నేర్పిన మనిషి, తన కాళ్ళ సంగతి మర్చిపోయాడు. చిన్నోడు గడ్డం గోక్కుంటున్నట్టు చెయ్యెత్తి, దించుతూ బ్యాడ్జి రెక్క నొక్కాడు.

చెక్క గదిలో ఇంజనీరమ్మ ఒక్కతే ఉంది. గడ్డం వెనక చిన్నోడిని గుర్తుపట్టగానే ఆమె మొహం తేటపడింది. "మీరొస్తారని తెలుసు," అంది.

"ఆ రెల్లు వెనక చూడమ్మా, కొంగ," అన్నాడు బాబాయి ఆప్యాయంగా. మెడలోంచి బైనాక్యులర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని పట్టీకి చిన్నోడు చుట్టుకున్న నల్ల టేపు అలాగే ఉంది. ఆమె దాన్ని కళ్ళకు ఆనించింది. ఫోకస్ చక్రం కోసం చూపుడువేలు తడుముకుంది.

చూపుడువేలు. చిన్నోడి కళ్ళ ముందు కొరియర్ ఫోటో మెదిలింది. ఒక్క ఉదుటున ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేలు చక్రానికి తగలబోయి గాల్లో ఆగింది.

"ముందు మీరు చూడండి బాబాయ్."

"ఏంట్రా ఇది?"

"కొంగ ఎగిరిపోతుంది. చూడండి."

బైనాక్యులర్ ఇద్దరి మధ్యా వేలాడుతోంది. ఈ అనుమానం అబద్ధమైతే బాగుండునని చిన్నోడు ఇంకా కోరుకుంటూనే ఉన్నాడు. బాబాయి దాన్ని అందుకుని ఆ చక్రం ఒక్కసారి తిప్పితే చాలు, కాళ్ళ మీద పడి క్షమాపణ అడిగేవాడు. కానీ సైకిల్ నేర్పిన ఆ చేతులు పైకి లేవలేదు.

"నా బైనాక్యులర్‌తోనా?" అన్నాడు చిన్నోడు. "నేరం నా నెత్తిన పడేది."

"తర్వాత ఎలాగోలా నిన్ను తప్పించేవాణ్ణి రా."

"పిన్నికి ఏం చెప్పి?"

బాబాయి తల దించుకున్నాడు. తలుపు తోసుకుని సిల్క్, వెనకే ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు వచ్చారు. ఆమె బాబాయి జేబులోంచి పిస్టల్ లాగేసింది. ఇంజనీరమ్మ ఇంకా చిన్నోడి చెయ్యి వదల్లేదు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి గైడమ్మ కాపు కాసి ఉంది. సెక్యూరిటీవాళ్ళను ఆపేసింది. "బయటికి వెళ్ళేటప్పుడు కూడా తుడవాలి. లోపలికి వచ్చేటప్పుడు ఎలాగూ తుడవలేదు."

వాళ్ళు బ్రష్ కోసం దిక్కులు చూస్తుంటే, బేడీలు వేసిన చేతులతో బాబాయి తనంతట తానే స్తంభం వెనక్కి వెళ్ళాడు. ఎడమకాలు, తర్వాత కుడికాలు. వంగి చేతులు పొట్ట దగ్గర దాచుకున్నాడు కాబట్టి బేడీలు ఆమె కంట పడలేదు.

"ఈ పెద్దాయన్ని చూసి నేర్చుకోండి," అంది గైడమ్మ మురిసిపోతూ. "ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారీ మర్చిపోలేదు."

"అవునమ్మా," అన్నాడు చిన్నోడు, గడ్డం పీకి జేబులో పెట్టుకుంటూ. "అందుకే దొరికారు."